పీరయ్య ఏరిన టైర్లు

నాకు కోపం ఎక్కువ. సౌదీలోని బురైదా సనాయియాలో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు. సనాయియా అంటే ఊరి బయట గ్యారేజీలన్నీ ఒకచోట ఉండే వాడ. అక్కడ ఒక బన్షర్‌లో, అంటే టైర్ల షాపులో, ఆరేళ్లుగా చక్రాలు బ్యాలెన్స్ చేసే పని నాది. పేరు నాగేందర్. మా ముదీర్, అంటే మేనేజరు, యెమెన్ మనిషి. ఎవరి మీదైనా అరుస్తాడు గానీ నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించుకుంటాడు. అంత నోరు నాది. ఇప్పుడు చెప్పబోయేది పీరయ్య సంగతి. మధ్యలో సదానందం పేరు వస్తుంది. ఆ పేరెత్తితే నా ఒళ్లు మండుతుంది, కనుక నాలుగు తిట్లు దొర్లితే ఏమనుకోకండి.

పీరయ్యది మెట్‌పల్లి పక్కన పల్లె. పీర్ల పండగనాడు పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టింది. పదహారేళ్లకు చెరకు లారీ మీద క్లీనరు, ఇరవయ్యేళ్లకు అదే లారీకి డ్రైవరు. సౌదీ వచ్చి మొదట ఖఫ్జీలో ఆయిల్ పనుల దగ్గర నీళ్ల ట్యాంకరు తోలాడు. అక్కడినుంచి బురైదాకు మారి, అబూ సులేమాన్ అనే ఖర్జూరపు తోటల పెద్దాయన ఇంట్లో డ్రైవరుగా చేరాడు. పదిహేడేళ్లు ఒకే ఇల్లు, ఒకే గేటు, గేటు పక్కన ఒకే గది. అరబ్బులకు 'ప' పలకదు కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆయన 'బీర్'. మేము ఆటపట్టిస్తే, "జన్మల సుక్క ముట్టనోనికి బీరని పేరు వెట్టిన్రు, ఎవలికి చెప్పుకోవాలెరా" అని నవ్వేవాడు.

ఆ ఇంట్లో ఆయన తోలని బండి లేదు, మోయని పిల్ల లేదు. పెద్దాయన మనవరాలు లూల్వా పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది పీరయ్యే. నలభై కిలోమీటర్ల వేగం దాటకుండా తెచ్చాడట, వెనక బండ్లవాళ్లంతా హారన్లు కొడుతుంటే. ఇప్పుడా పిల్లకు ఏడేళ్లు. బడి నుంచి వస్తూ తన తల్లికి చెప్పని సంగతులు కూడా ఈయనకు చెప్తుంది.

చలికాలం వచ్చిందంటే ఆ ఇంటివాళ్లకు కాలు నిలవదు. ఎడారిలో, కొండల్లో గుడారాలేసుకుని గడపడానికి పోతారు. దాన్ని కష్తా అంటారు. పెద్దాయన అందుకోసమే ఒక క్యాంపర్ వ్యాన్ కొన్నాడు. లోపల పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, అన్నీ ఉంటాయి. ప్రతి జనవరిలో అది తబూక్ కొండలకు పోవాలి. కొన్నేళ్లు అక్కడ మంచు పడుతుంది. దాన్ని చూడ్డానికి తొమ్మిది వందల కిలోమీటర్లు పోతారంటే నాకు మొదట్లో నవ్వొచ్చేది.

మూడేళ్ల క్రితం ఆ కొండ దిగుతుంటే వాన, వానలో మంచు. మలుపు దగ్గర పీరయ్య బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. అడ్డంగా తిరిగి, లోయకు జానెడు దూరంలో నిలబడింది. వెనక సీట్లో నాలుగేళ్ల లూల్వా నిద్రపోతోంది. లేవను కూడా లేదు. ఆ టైర్లకు గీతలు బాగానే ఉన్నాయి, పైకి కొత్తగానే కనిపించాయి. కానీ తయారై ఆరేళ్లయింది. ఆరు ఎండాకాలాలు ఈ ఎండకు కాగి రబ్బరు చెక్కబారిపోయింది. "పానం వోయిన టైర్ల మీద పానం ఉన్నోళ్లను దీస్కవోయిన తమ్మీ" అని మా షాపులో కూర్చుని ఏడ్చాడు పీరయ్య. యాభై దాటిన మనిషి ఏడుస్తుంటే నాకు చెయ్యాడలేదు.

ఆ రోజు నుంచి టైర్ల సంగతి ఆయన మరెవరికీ వదల్లేదు. చదువు తెలుగు వరకే. కానీ టైరు పక్కన ఉండే ప్రతి అంకెనూ నన్నడిగి, ముదీర్‌నడిగి, ఫోనులో చూసి నేర్చుకున్నాడు. నేను చక్రాలు తిప్పే మనిషినేగానీ ఆయనంత శ్రద్ధగా నేనెప్పుడూ ఆ అంకెలు చూడలేదు.

పోయిన డిసెంబరులో మళ్లీ టైర్లు మార్చాల్సి వచ్చింది. పెద్దాయన కొడుకు సులేమాన్‌కు పెద్ద పెద్ద బుడిపెలున్న వెడల్పాటి టైర్లు కావాలి. ఇక్కడ కుర్రాళ్లందరికీ అదే పిచ్చి, ఫొటోల్లో బండి సింహంలా కనబడుతుంది. పీరయ్య ఒప్పుకోలేదు. యజమాని కొడుకుతో, మా షాపు మధ్యలో నిలబడి, తనకొచ్చిన అరబీలో వాదించాడు.

"బాబా, ఇసుక మీద తేలే టైరు నీళ్ల మీద కూడా తేలుతుంది. నీళ్ల మీద తేలితే స్టీరింగు నా చేతిలో ఉన్నా బండి నా చేతిలో ఉండదు."

"అయితే మంచు దేశాలవాళ్లు వేసుకునేవి వేద్దాం" అన్నాడు సులేమాన్.

"అవి మెత్తన. మార్చి వస్తే మన రోడ్డు మీద అరిగి పిండి అవుతాయి. రెంటికీ పనికొచ్చేవి ఉన్నాయి. పక్కన మూడు శిఖరాల కొండ, కొండలో మంచు పువ్వు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఉంటేనే మంచులో పరీక్ష చేసినట్టు. ఒట్టి అక్షరాలు రాసుకున్నవి నేను నమ్మను."

సులేమాన్ తండ్రికి ఫోను చేశాడు. పెద్దాయన అన్న మాట స్పీకరులో మేమంతా విన్నాం. "బీర్ ఏది చెప్తే అది వెయ్యి. నా మనవరాలు ఆ బండిలోనే కూర్చునేది."

ఆ క్షణాన పీరయ్య ముఖం చూడాలి మీరు. ఎవరో దండ వేసినట్టు తల వంచుకున్నాడు.

తర్వాత రెండు వారాలు మమ్మల్ని చంపుకుతిన్నాడు. మా ముదీర్ నాలుగు టైర్లు తెచ్చి చూపించాడు. కొండ బొమ్మ ఉంది, అంతా బాగుంది. పీరయ్య కళ్లజోడు పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఫోను లైటు వేసి వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చదివాడు. "వద్దు" అన్నాడు. "కొత్తవే కదయ్యా, లేబుల్ కూడా తియ్యలేదు" అని ముదీర్ అరిచాడు. "రెండు ఎండాకాలాలు నీ రేకుల కింద ఉన్నాయి. వీటికి రెండేళ్లు" అన్నాడు పీరయ్య. ఇంకోసారి తెచ్చినవి బరువు ఆపేవి కావు. కార్లకు వేసే రకం. నీళ్లు నింపిన వ్యాను మూడున్నర టన్నులు, దానికి సైజు అంకె పక్కన 'సి' అనే అక్షరం ఉన్న టైరే కావాలన్నాడు. చివరికి రియాద్ నుంచి తెప్పించాం. మూడు నెలల కింద తయారైనవి. గోటితో నొక్కి, వాసన చూసి, "ఇగ ఇవి టైర్లంటె" అన్నాడు.

ఇప్పుడు సదానందం గురించి. వాడు మా షాపులో ఫిట్టరు. ముప్పై ఏళ్లుంటాయి. పీరయ్య సొంత ఊరివాడు, వరసకు తమ్ముడు. మా షాపు యజమాని అబూ సులేమాన్‌కు దాయాది. పీరయ్య పెద్దాయన కాళ్లావేళ్లా పడి ఆ మాట మీద వీడికి వీసా తెప్పించాడు. వచ్చిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి అన్నం మానేస్తే తన గదిలో పెట్టుకుని పప్పుచారు కాచి పెట్టాడు. సాయంత్రాలు తోటల్లో తిప్పి డ్రైవింగు నేర్పాడు, లైసెన్సు ఇప్పించాడు. "పీరన్న లేకుంటె నేను ఏ గొర్ల మందెనకనో పోతుంటి" అని వాడే పదిసార్లు అన్నాడు నాతో. వాడి నోట్లో మన్ను పడ.

టైర్లు బిగించిన సాయంత్రం వాడే మొదలుపెట్టాడు.

"పీరన్నా, నాలుగు కొత్త టైర్లేసి నిమ్మకాయ తొక్కియ్యకుండనే గంత దూరం తీస్తవా?"

"ఇది మన ఊరు గాదురా. పదిహేడేండ్లల్ల ఎన్నడన్న తొక్కిచ్చిన్నా?"

"తొక్కియ్యకనే గదా ఆనాడు లోయ దాక వోయింది."

ఆ మాట పీరయ్యకు తగలాల్సిన చోట తగిలింది. చెయ్యి టైరు మీద పెట్టాడు. మన దగ్గర కొత్త బండి తీస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఎంత మామూలో మీకు తెలుసు. చెయ్యకపోతేనే మనసులో ముల్లు. కానీ ఇది సౌదీ. ఇక్కడ మంత్రతంత్రాలను సిహర్ అంటారు, దానంత పెద్ద నేరం మరోటి లేదు. ఆ సంగతి పీరయ్యకు మా అందరికంటే ఎక్కువ తెలుసు.

"ఎవలన్న జూస్తె అయిపాయె" అన్నాడు.

"ఎవడు జూస్తడే? నేనే తెస్త. పొద్దుగాల పాత జాకీ ఇయ్యనీకి వస్త గదా, అప్పుడే పట్కస్త."

నేను నవ్వాను. "పెట్టు పీరన్నా, పోయేదేమున్నది" అని నేనూ ఒక మాట వేశాను.

మర్నాడు ఉదయం ఎనిమిదికి షాపు తెరిచాక సదానందం చెప్పాడు. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక వీడు గేటు బయట నిలబడి నాలుగు నిమ్మకాయలూ అందించాడట. పీరయ్య ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టి, కళ్లు మూసుకుని, ఆ ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పుకుని మొక్కాడట. తర్వాత బండి ముందుకు తీశాడు. "పెద్దాయిన తల్లి పేరు గుడ చెప్పిండే, మోకాళ్ల నొప్పులు తగ్గాలెనని" అని సదానందం పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం మూడింటికి సులేమాన్ వచ్చాడు. నేను పక్క బండి కింద పడుకుని పని చేస్తున్నాను. ముందు నాకు ఆయన చెప్పులే కనిపించాయి. ఫోనులో వాళ్ల గేటు లోపలి కెమెరా తీసిన వీడియో ఉంది. పీరయ్య చక్రాల దగ్గర వంగడం, ఏదో పెట్టడం, కళ్లు మూసుకుని పెదాలు కదపడం. గేటు బయట నిలబడ్డ సదానందం అందులో లేడు. నలిగిన నిమ్మకాయలు ముందు చూసింది సులేమాన్ నాయనమ్మ అట. వారం రోజులుగా ఆవిడకు జ్వరం. చూసిన చోటే కూలబడిపోయిందట.

"నువ్వు అతని ఊరివాడివి. ఏంటిది?" అని సదానందాన్ని అడిగాడు సులేమాన్.

సదానందం వీడియో చూశాడు. మళ్లీ చూశాడు.

"నాకు తెలియదు" అన్నాడు.

"మీవాళ్ల ఆచారమా? కొత్త బండికి చేస్తారా ఇలా? ఆచారమైతే చెప్పు, ఇంట్లోవాళ్లకు నేను నచ్చజెప్పుకుంటాను."

అంటే దారి ఆయనే చూపించాడు! ఆ కుర్రాడికి పీరయ్యను పోగొట్టుకోవాలని లేదు. ఒక్క 'అవును' చాలు. నిమ్మకాయలు నేనే తెచ్చాను, మేమందరం చేస్తాం, మంచి జరగాలని చేస్తాం అంటే అయిపోయేది.

"లేదు. మావాళ్లు ఇలాంటివి చెయ్యరు" అన్నాడు సదానందం.

"వల్లాహి?" అన్నాడు సులేమాన్, దేవుడి మీద ఒట్టేనా అని.

"వల్లాహి."

సులేమాన్ ఇంకా ఆగలేదు. "టైర్లకు ఎర్ర చుక్కలు పెట్టాడు. రక్తమా అది?"

కొత్త టైరు మీద ఎర్ర చుక్క కంపెనీవాళ్లు పెట్టేది. బ్యాలెన్సు కోసం. షాపులో పేర్చి ఉన్న టైర్లన్నిటికీ ఉంది, చెయ్యి చాపితే చూపించొచ్చు. ఆ దొంగముఖంవాడు దానికీ తల అడ్డంగా ఊపాడు, తెలియదని.

అప్పుడు ముదీర్ నావైపు వేలు చూపించాడు. "ఇతనూ ఆ ప్రాంతంవాడే. ఇతన్ని అడగండి."

నేను బండి కింద నుంచి లేచాను. సులేమాన్ నావైపు చూశాడు. సదానందం కూడా చూశాడు. నాకు అన్నీ తెలుసు. నిమ్మకాయలు ఎవరు తెచ్చారో తెలుసు, ఎందుకు పెట్టారో తెలుసు. ఆ ఎర్ర చుక్క సంగతి చెప్పడమైతే నా పనే, రోజుకు ముప్పైసార్లు చూసేదే. నోరు తెరిచాను.

"మాది వేరే ఊరు" అన్నాను.

అబద్ధం కాదు. పీరయ్య ఊరికీ మా ఊరికీ ఎనిమిది కిలోమీటర్లు. నిజమే చెప్పానని ఆ సాయంత్రం దాకా నాకు నేను చెప్పుకున్నాను. థూ, నా బతుకు చెడ. అది సిహర్ కిందికి వస్తుందని నాకు తెలుసు. ఇకామా అనే నివాసపు కార్డు రద్దు, జైలు, ఊళ్లో పిల్లలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ముదీర్ మీద, గిరాకీల మీద, తోటి పనివాళ్ల మీద ఆరేళ్లు అరిచిన నోరు అది.

అబూ సులేమాన్ పోలీసుల దాకా పోలేదు. పదిహేడేళ్లు తన పిల్లల్ని మోసినవాడిని వాళ్ల చేతుల్లో పెట్టలేనన్నాడట. ఖురూజ్ కొట్టించాడు, అంటే మళ్లీ రాకుండా పంపేయడం. నాలుగు రోజుల గడువు. పీరయ్య ముఖం మాత్రం చూడలేదు. గది ఖాళీ చేసి గేటు దాటుతుంటే లూల్వాను ఎవరో లోపలికి లాక్కుపోయారట. వ్యానుకు ఆ టైర్లు తీసేయమని సులేమాన్ షాపుకు పంపాడు. ఆ సైజులో వేరేవి లేవు. ప్రయాణం వారంలో ఉంది. సదానందం ఎర్ర చుక్కల్ని పెట్రోలు గుడ్డతో తుడిచేసి, ముదీర్‌ను మాటల్లో పెట్టి, మార్చేశానని చెప్పి బండి అప్పగించాడు. అది కూడా నేను చూశాను.

ఆ చివరి రోజులు పీరయ్య మా గదిలోనే ఉన్నాడు. సదానందం పడకా ఆ గదిలోనే. వచ్చిన రోజే అడిగాడు వాడిని.

"నిమ్మకాయలు ఎవలు తెచ్చిన్రురా?"

సదానందం తన పడక మీది దుప్పటి దులపడం మొదలుపెట్టాడు.

"నీ ఊరోడే మాకు గసువంటి ఆచారం లేదని ఒట్టువెట్టిండని సులేమాన్ అన్నడు. నువ్వేనా?"

"నేను ఒప్పుకుంటె ఇద్దర్ని పంపుతుండె అన్నా. ఒక్కడన్న మిగలాలె గదా."

"నిన్ను నా తోడవుట్టినోడనుకున్నరా" అన్నాడు పీరయ్య. అంతకుమించి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

నేను తిట్టాను. నా నోరు అప్పుడు తిరిగొచ్చింది! లేచి సదానందం కాలరు పట్టుకున్నాను. కన్నతల్లి పెట్టిన అన్నం మీద ఉమ్మిన కుక్కవని, అన్నం పెట్టిన చెయ్యి నరికినవాడివని గది దద్దరిల్లేలా అరిచాను. పక్క గదుల పాకిస్తానీలు పరిగెత్తుకొచ్చి విడదీశారు. నేను ఆగకుండా అరుస్తూనే ఉన్నాను. ఎందుకంటే సదానందానికి తెలుసు, ఆ రోజు షాపులో నేనేమన్నానో. వాడు నోరు తెరిచి ఆ ఒక్క మాట చెప్తే పీరయ్య ముందు నా బట్టలూడినట్టే. వాడికి ఆ సందు ఇవ్వకూడదని అరిచాను. వాడూ చెప్పలేదు. మా ఇద్దరికీ ఒకరి గుట్టు ఒకరి దగ్గర ఉంది.

పీరయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నీళ్లు ఇచ్చాడు.

"నువ్వొక్కనివన్న నా దిక్కు మాట్లాడినవ్ తమ్మీ" అన్నాడు.

ఆ నీళ్లు తాగకుండానే కింద పెట్టేశాను.

మూడో రోజున సదానందానికి పిలుపొచ్చింది. అబూ సులేమాన్ ఇంట్లో డ్రైవరు కావాలి, లైసెన్సున్నవాడు, నమ్మకస్తుడు. నమ్మకస్తుడు! వాడు ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే పీరయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడు పోయాక లేచి కూర్చున్నాడు.

"నౌకరి వోతె వోనీ నాగేందర్. ఎప్పటికైన వోయేదే. ఆనికి నా సీటు గావాలె, కూసోనీ. కాని ఆ ముసలామె, ఆ పిల్ల, పెద్దాయిన... నన్ను మంత్రగాడనుకుంటున్నరు. పదిహేడేండ్లు వాళ్ల ఉప్పు దిన్న. ఇది ఒక్కటే నాకు సైసుతలేదు."

"నువ్వు బాధవడకన్నా" అన్నాను.

"టైర్లు మంచియి. కొండ మీద ఆగుతయ్. వాళ్లు మంచిగ తిరిగొస్తరు. వచ్చినంక నువ్వు పెద్దాయినకు ఒక్క మాట చెప్పు. ఈ టైర్లు పీరయ్య ఏరినయే, నిమ్మకాయలు మన దిక్కు అందరు వెడుతరు, నీ పిల్లలు సల్లగుండాలెననే వెట్టిండు అని. నేను చెప్తె ఇనరు. నీకు ధైర్నమెక్కువ, నువ్వు చెప్తె ఇంటరు. చెప్తవా?"

"చెప్తనే. నా పిల్లల మీద ఒట్టు" అన్నాను.

ఆయన విమానమెక్కిన మర్నాడే వ్యాను తబూక్ పోయింది. డ్రైవరు సీట్లో సదానందం.

పది రోజులకు తిరిగొచ్చింది. పెద్దాయన మా షాపుకు రావడం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు వచ్చాడు. సదానందం తలుపు తీసి పట్టుకున్నాడు, తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు. చక్రాలు ఒకసారి చూడమన్నారు. నేను బండి చుట్టూ తిరిగాను. నాలుగు టైర్లూ చెక్కు చెదరలేదు.

"వడగళ్ల వాన పడింది" అన్నాడు పెద్దాయన, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "కొండ దిగుతున్నాం. మా ముందు బండి జారి గుంటలో పడింది. దాని వెనకే మేము. ఇక అయిపోయిందనుకున్నాను. బ్రేకు తొక్కితే ఇది ఉన్నచోట నిలబడింది. అల్‌హమ్దులిల్లా." టైరు పక్కనున్న కొండ బొమ్మ మీద చేతికర్ర ఆనించాడు. "మా లూల్వా దారి పొడుగునా ఒకటే మాట. ఇది బీర్ కొండ, బీర్ చూపించిన కొండ అని. ఇవి అతను ఏరినవేనా?"

ఆయన అడిగిన తీరు వేరేగా ఉంది. అవునంటే బాగుండునని అడిగినట్టుంది. నాకు ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

"కాదు బాబా" అన్నాడు సదానందం. "అవి ఆ రోజే తీసేశాను. అన్నిటికీ ఆ బొమ్మే ఉంటుంది. ఇవి నేను ఏరి వేసినవి."

పెద్దాయన నావైపు తిరిగాడు. నా చెయ్యి టైరు మీద ఉంది. షాపులో ముదీర్ ఉన్నాడు, గిరాకీలు ఉన్నారు. వెనకనుంచి సదానందం నల్లద్దాలు తీసి నన్నే చూస్తున్నాడు. ఆ రోజు నువ్వూ తెలియనట్టే తప్పుకున్నావు కదా, ఇప్పుడు తెలుసంటే నీ గతేంటి అని ఆ చూపు అడుగుతోంది.

"నిజమేనా?" అన్నాడు పెద్దాయన.

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆయన చేతికర్ర టైరు మీంచి తీసి, బండెక్కి పోయాడు. ఆ తర్వాత నేను ముదీర్ మీద అరిచాను, ఎందుకో గుర్తులేదు. గాలి పైపు సరిగా చుట్టలేదనో ఏదో.

శుక్రవారం పీరయ్య ఫోను చేశాడు. వెనక కోళ్ల అరుపు వినిపిస్తోంది. భార్య పోచవ్వ ఎవరితోనో మాట్లాడుతోంది.

"వచ్చిన్రా తమ్మీ?"

"వచ్చిన్రన్నా. అందరు మంచిగున్నరు."

"వాన వడ్డదా కొండ మీద?"

"వడగండ్లు వడ్డయట. ముందటి బండి జారిందట. మనది ఆగిందట."

"ఆగుతదని చెప్పిన్నా లేదా! మూడు నెలల రబ్బరురా అది" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నాకు ఫోను విసిరికొట్టాలనిపించింది. తర్వాత గొంతు తగ్గించాడు. "పెద్దాయిన కలిసిండా?"

"కలిసిండు. షాపుకే వచ్చిండు."

"చెప్పినవా?"

ఇంత నోరున్నవాడిని, ముందు లేచి గది తలుపు వేశాను.

"చెప్పిన అన్నా" అన్నాను.

"ఏమన్నడు?"

"బీర్ మంచోడు, నేనే తప్పు జేసిన అన్నడు."

ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఫోను పక్కకు పెట్టి గట్టిగా పిలిచాడు.

"పోచవ్వా, ఓ పోచవ్వా, ఇటు రా! పెద్దాయిన నన్ను మంచోడన్నడట. నాగేందర్ చెప్పిండు, అడుగు, నువ్వే అడుగు."

ఆమె ఫోను అందుకోకముందే నేను పెట్టేశాను.